బరిలోకి దిగబోయే అమ్మలుకి

విజయనగరం,
కార్తీక మాసం.

ఒసేయ్ అమ్మలూ,

నువ్వు పంపిన ఆ ఎంఎంఏ (మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్) ఫైట్ల వీడియోలన్నీ మావాడి చేత టీవీలో పెట్టించుకుని చూశాను, సగం కళ్లు తెరుచుకుని, సగం మూసుకుని. మూసుకున్నప్పుడల్లా "అయిపోయిందమ్మా, చూడు" అని వాడనడం, తీరా చూసేసరికి మళ్లీ ఎవరో ఎవరినో డొక్కలో తన్నుతూ ఉండడం, ఇదే వరస. ఉద్యోగం చేసినన్నాళ్లూ ఆడపిల్లల చేత కబడ్డీ ఆడించినదాన్ని, చీరుకుపోయిన మోకాళ్లకి టింక్చరు రాసీ రాసీ వేళ్లు పచ్చబడిపోయినదాన్ని, రక్తానికి బెదిరే మనిషిని కాను. కాని ఆ కంచె లోపల మౌత్‌గార్డ్ పెట్టుకుని నువ్వు నిలబడి ఉన్నట్టు ఊహించుకుంటే మాత్రం గుండెల్లో దడ పుట్టింది, ఆ దడ తగ్గకముందే పక్కింటావిడని పిలిచి "మా బడి పిల్లేనండీ" అని చెప్పుకోవాలనీ అనిపించింది. ఆ రెండూ ఒకేసారి ఎలా కలుగుతాయో నువ్వూ ఎవరికైనా కోచ్‌వి అయ్యాక తెలుస్తుందిలే.

మీ అమ్మ మొన్న రైతుబజారులో కనిపించింది. గోంగూర కట్ట చేత్తో పట్టుకుని అలాగే నిలబడి, సంచిలో వెయ్యడం కూడా మరిచిపోయి, "మీ మాటైతే వింటాది టీచరుగారూ, మీరైనా చెప్పండి" అంది. సరే, ఉత్తరం రాస్తానన్నాను. ఏం రాస్తానో ఆవిడ అడగలేదు, నేనూ చెప్పలేదు. మానెయ్యమని రాస్తాననుకుని ఉంటుంది పాపం. మన పక్క జిల్లాలో, ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట నుంచి వెళ్లి కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో 240 కిలోలెత్తి కంచు పతకం తెచ్చింది. ఆడపిల్లకి ఆ బరువులెందుకని మా స్టాఫ్‌రూములోనే సణిగినవాళ్లు ఆ మర్నాడు మిఠాయి పంచారు. అది చూసినదాన్ని, నీకు వద్దని ఎలా రాస్తాను? నాకు చెప్పాల్సింది వేరే ఉంది. ముందు నువ్వు పంపిన వీడియోల్లోని పూజా తోమర్ సంగతి కాస్త మాట్లాడుకుందాం.

ఆ పిల్ల ఫైట్ నాకు బాగా మనసుకి పట్టింది. ఉత్తరప్రదేశ్‌లో ముజఫర్‌నగర్ జిల్లా, బుఢానా అనే ఊరు. చిన్నతనంలోనే తండ్రి పోతే తల్లి పెంచింది. వుషూలో ఐదుసార్లు జాతీయ చాంపియన్ అయింది, ఆ కాళ్ల వేగం అక్కడ అబ్బిందే. అలాంటిది ఈ ఎంఎంఏలోకి వచ్చి సింగపూర్ వాళ్ల వన్ చాంపియన్‌షిప్‌లో దిగితే గెలుపుల కంటే ఓటములే ఎక్కువ మిగిలాయి. కాలితో కొట్టడం వచ్చినమ్మాయికి కింద పడ్డాక ఏం చెయ్యాలో నేర్చుకోవడం మళ్లీ ఒకటో తరగతిలో కూర్చోవడమేగా! కూర్చుంది. మన దేశంలో మ్యాట్రిక్స్ ఫైట్ నైట్‌లో ఆడి, బెల్టు తెచ్చుకుని, ఎనిమిది గెలుపులూ నాలుగు ఓటములూ వెంటబెట్టుకుని అమెరికా వాళ్ల యూఎఫ్‌సీకి వెళ్లింది. 2023లో ఒప్పందం, 2024 జూన్ 8న అమెరికాలో లూయీవిల్‌లో తొలి ఫైటు, బ్రెజిల్ అమ్మాయి రయానీ దోస్ సాంటోస్ మీద. యూఎఫ్‌సీలో గెలిచిన మొదటి మన దేశపు అమ్మాయి అయింది. నువ్వు ఆ ఫైటు పంపుతూ కింద నిప్పుల బొమ్మలు పెట్టావు చూడు, అవి ఆ గెలుపుకని నాకు తెలుసు. నేను మాత్రం ఆ గెలుపు ఎలా లెక్క తేలిందో చూసి నోరు వెళ్లబెట్టాను.

అవే పదిహేను నిమిషాలు, అదే కంచె, చుట్టూ కూర్చున్న జడ్జీలు ముగ్గురు. ఒక జడ్జి మూడు రౌండ్లూ పూజవే అని 30–27 రాశారు. ఇంకో జడ్జి మూడు రౌండ్లూ అవతలి పిల్లవే అని 27–30 రాశారు. మూడో జడ్జి 29–28 పూజకి రాయబట్టి చెయ్యి పైకి లేచింది. నేను ఎన్ని పోటీలకి విజిల్ ఊదానో నాకే లెక్క లేదు, బోనస్ గీత తాకిందా లేదా అని పెద్దవాళ్లు కొట్టుకు చావడం చూశాను గాని, ఒకే ఆటని ఇద్దరు ఇంత తలకిందులుగా చూడడం చూడలేదు. అమ్మలూ, నిన్ను కూడా ఒకనాడు ఆ మూడో జడ్జి గెలిపిస్తారు, ఇంకోనాడు ఓడిస్తారు. ఓడించిన రోజున మైకు నోటి ముందు పెడతారు కదా, అప్పుడు జడ్జిని తిట్టకు. ఇంటికొచ్చి నాకు చెప్పు, నేను తిడతాను.

ఆ తరవాతి ఏడాది మార్చిలో లండన్‌లో జరిగిన ఫైటు నువ్వు పంపలేదు. మావాణ్ని అడిగి నేనే వెతికించుకున్నాను. ఐర్లండ్ అమ్మాయి షానా బానన్ రెండో రౌండ్లో పూజ చెయ్యి దొరకబుచ్చుకుని ఆర్మ్‌బార్ వేసింది. నీకు నేను చెప్పక్కర్లేదు గాని, నాకు అర్థమైందో లేదో చూసుకోవడానికి రాస్తున్నాను: అవతలి మనిషి చేతిని రెండు తొడల మధ్య ఇరికించి, మణికట్టుని రొమ్ముకి హత్తుకుని, నడుము పైకెత్తితే మోచెయ్యి వంగకూడని వైపు వంగడం మొదలెడుతుంది. ఇక అక్కడి నుంచి రెండే దారులు, చేత్తో తట్టి ఒప్పేసుకోవడం, లేకపోతే కీలు ఊడడం. పూజ ఒప్పేసుకుంది. అంతే, బానన్ చెయ్యి వదిలేసింది. వెనక్కి తిప్పించి తిప్పించి ఆ ఒక్క ముక్కే చూస్తుంటే "ఓడిపోయింది కదమ్మా, ఎందుకలా చూస్తావు" అని మావాడు విసుక్కున్నాడు. వాడికేం తెలుసు! అంతసేపూ విరిచేద్దామన్నంత పట్టుదలగా లాగిన మనిషి ఒక్క తట్టుకి ఠక్కున వదిలెయ్యడం, ఆ మనిషి వదిలేస్తుందని నమ్మి ఈ పిల్ల తట్టడం, నాకు ఆ ఆటలో అన్నిటికంటే అదే నచ్చింది.

నీకు గుర్తుందో లేదో, నువ్వు తొమ్మిదిలో ఉండగా జిల్లా పోటీల్లో సెమీఫైనల్. ఎడమ కార్నర్లో నువ్వు. కూతకొచ్చిన పొడుగు పిల్ల వెనక్కి తిరుగుతూ కాలి బొటనవేలితో నీ చీలమండని అలా రాసుకుంటూ పోయింది. అంపైరు అటువైపున్నాడు, చూడలేదు. ఆ పిల్లకే తెలియలేదు, గీత దాటి ఉత్తి చేతులతో వచ్చానన్న మొహం పెట్టుకుంది. నువ్వు చెయ్యెత్తి, తల దించుకుని, బయటికి నడిచొచ్చి నా పక్కన కూర్చున్నావు. ఒక్క పాయింటుతో పోయింది మ్యాచి. తిరుగు బస్సులో మన పిల్లలెవరూ నీతో మాట్లాడలేదు, కెప్టెన్ అయితే కిటికీలోంచి మొహం లోపలికి తిప్పలేదు. చీపురుపల్లి దగ్గర బస్సు ఆగితే నేను అందరికీ మిక్చర్ పొట్లాలు కొన్నాను. నువ్వు నీది విప్పకుండా తీసుకెళ్లి ఆ కెప్టెన్ ఒళ్లో పెట్టి, కిందకి వంగి, దాని కాలికి ఊడిపోతున్న క్రేప్ బ్యాండేజీ మళ్లీ చుట్టి పిన్ను పెట్టి వచ్చావు. ఏమీ మాట్లాడలేదు. అదీ మాట్లాడలేదు. ఊరు చేరేసరికి మాత్రం ఇద్దరూ ఒకే పొట్లంలో చేతులు పెట్టి తింటున్నారు. నీ పంచ్‌లు, కిక్‌లు మీ కోచ్ చూసుకుంటాడు. నాకు ఈ పిల్ల తెలుసు, ఈ పిల్ల ఆ కంచె లోపలికి వెళ్లి బయటికొచ్చేటప్పుడు కూడా ఈ పిల్లలాగే రావాలని నా ఆరాటం.

ఎందుకంటే ఆ లోకంలో ఒప్పుకోకపోవడానికి చప్పట్లు ఎక్కువ. మావాడు నాకు అమెరికా ఫైటర్ మీషా టేట్ కథ చెప్పాడు, నీకు తెలిసే ఉంటుంది. 2012 మార్చిలో కొలంబస్‌లో రోండా రౌజీ ఈమెకి అదే ఆర్మ్‌బార్ వేసింది. రోండా సంగతి మళ్లీ వేరు, వాళ్లమ్మ 1984లో ప్రపంచ జూడో చాంపియన్, పొద్దున్నే కూతురి మీదికి దూకి ఆర్మ్‌బార్ వేసి నిద్ర లేపేదట. చెంబుతో నీళ్లు చల్లే మీ అమ్మ ఎంత నయమో చూసుకో. సరే, మీషా తట్టలేదు. పళ్లు బిగించుకుని ఓర్చుకుంది, మోచెయ్యి పక్కకి ఊడిపోయాక గాని ఒప్పుకోలేదు. ఎంత గుండె ధైర్యమో అని ఇప్పటికీ మెచ్చుకుంటారు. మెచ్చుకోనీ. ఆ మోచెయ్యి ఆమెది, చప్పట్లు జనానివి, ఆస్పత్రికి వెళ్లాల్సి వచ్చినప్పుడు ఎవరిది వాళ్లు తీసుకెళ్తారు.

అలాగని మీషాని తక్కువ చెయ్యను, ఆమె ఓపిక చూడు. నాలుగేళ్ల తరవాత, 2016 మార్చిలో, లాస్ వేగస్‌లో హాలీ హోమ్‌తో టైటిల్ ఫైటు. ఆ హోమే అంతకుముందు మెల్‌బోర్న్‌లో యాభై ఆరు వేల మంది చూస్తుండగా రోండాని తలమీద తన్ని పడగొట్టింది. మీషా పాయింట్లలో వెనకబడి ఉంది, ఆఖరి రౌండు, ఇంక కొద్ది నిమిషాలు. ఆ వేళలో వెనకనుంచి పట్టి మెడ బిగించింది. హోమ్ కూడా తట్టలేదు, స్పృహ తప్పుతూ గాల్లోకి గుద్దులు గుద్దుతూనే ఉండిపోయింది. అది చూసినప్పుడు నేను నిజంగా లేచి టీవీ కట్టేశాను, మావాడు మళ్లీ పెట్టాడు. మరి ఆ బెల్టు మీషా దగ్గర ఎన్నాళ్లుందనుకున్నావు? జూలైలోనే అమాండా నూనెస్ పట్టుకుపోయింది. ఆ నూనెసే డిసెంబరులో రోండాని 48 సెకన్లలో ముగించింది. ఒకర్ని ఒకరు గెలిచారు, ఒకరి చేతిలో ఒకరు ఓడారు. ఇంత తిరిగే బెల్టు కోసం జన్మంతా వాడుకోవాల్సిన చెయ్యి ఇచ్చెయ్యకు తల్లీ. పట్టు పడిందని తెలిసిన క్షణాన తట్టు. గట్టిగా, రిఫరీకి కనిపించేలా తట్టు. నువ్వు పట్టు వేసిన రోజున అవతలి పిల్ల తడితే, రిఫరీ వచ్చి లాగేదాకా ఆగకుండా నువ్వే వదిలెయ్యి. చీలమండకి తగిలిన బొటనవేలు నీకు తెలిసినట్టే ఇదీ నీకే ముందు తెలుస్తుంది.

రోండా గురించి ఇంకోటి చదివాను, అది చదివాక ఆ రాత్రి నాకు నిద్ర లేదు. మెల్‌బోర్న్‌లో ఓడాక తనకి బతుకే వద్దనిపించిందని తరవాత టీవీలో చెప్పుకుంది. 2011లో యూఎఫ్‌సీలోకి ఆడవాళ్లని ఎన్నటికీ రానివ్వనన్న పెద్దమనిషి చేతే 2013 ఫిబ్రవరిలో తలుపు తీయించిన మనిషి అది, ఒక్క ఓటమికి అంత దూరం వెళ్లిపోయింది మనసు. అంచేత నువ్వు ఓడిన రాత్రి ఒక్కర్తివీ గదిలో పడుకోకు. నీ రూమ్మేటుని పక్కన పడుకోమను, నాకు ఫోను చెయ్యి. ఏ వేళైనా సరే. మాట్లాడబుద్ధి కాకపోతే మానెయ్యి, ఫోను పెట్టకుండా ఉంచు చాలు, నేను దొడ్లో జామచెట్టుకి పట్టిన పిండినల్లి సంగతి చెప్తూ ఉంటాను.

ఇక తిండి. ఇక్కడ నేను కొంచెం గట్టిగానే రాస్తాను, కోపం తెచ్చుకోకు. నువ్వు దిగేది స్ట్రావెయిట్ అన్నావు, అంటే 115 పౌండ్లు, మన లెక్కలో 52 కిలోల పైన చిటికెడు. నువ్వు మామూలుగా ఎంతుంటావో నాకు తెలుసు, యూనిఫారం నడుము వదులు చేయించుకున్న రోజుల నుంచీ తెలుసు. కొవ్వు కరిగించుకుని నెలల తరబడి నెమ్మదిగా దిగడం ఒకటి, ఆఖరి రెండు మూడు రోజుల్లో నీళ్లు మానేసి, వేడి నీళ్ల తొట్టిలో కూర్చుని చెమటోడ్చి ఒంట్లో తడి అంతా పిండెయ్యడం ఇంకొకటి. 2015 డిసెంబరులో మనీలాలో వన్ చాంపియన్‌షిప్ పోటీకి వచ్చిన 21 ఏళ్ల చైనా కుర్రాడు ఇలా బరువు దించుకుంటూనే ప్రాణం పోగొట్టుకున్నాడు. ఆ తరవాతే వాళ్లు నీళ్లు పిండి బరువు దించడం కుదరదని రూలు మార్చి, మూత్రం పరీక్ష చేసి ఒంట్లో నీరుందో లేదో చూడడం పెట్టారు. అన్ని చోట్లా ఆ పరీక్ష లేదు కాబట్టి ఆ పరీక్ష నువ్వే పెట్టుకో. 52 దిగకపోతే పైన 56.7 కిలోల తరగతి ఉంది, దానికి వెళ్లు. అక్కడి పిల్లలు కాస్త ఎత్తుగా ఉంటారు, ఉండనీ, నువ్వు బడిలో నీకంటే జానెడు పొడుగున్నదాని నడుం పట్టుకుని గీత లోపలికి లాక్కొచ్చినదానివి.

మీ అమ్మ అసలు బెంగ ఏమిటో నాకు తెలుసు, చెప్పదు గాని. కబడ్డీలో ఉండి ఉంటే రైల్వేలోనో పోలీసులోనో స్పోర్ట్స్ కోటా ఉండేది. ఇది ఒలింపిక్స్‌లో కూడా లేని ఆట. "రేపు మోకాలు పోతే దానికి కూడెవరు పెడతారు" అని ఆవిడ రాత్రిళ్లు లెక్కలేసుకుంటుంది. ఆ లెక్కకి నా దగ్గర జవాబు లేదు, నీ దగ్గర ఉంది: బీకాంలో ఉండిపోయిన ఆ పేపర్లు రాసెయ్యి. చైనా పిల్ల జాంగ్ వెయ్‌లీ చాంపియన్ కాకముందు చిన్నపిల్లల బడిలో పంతులమ్మగా చేసింది, జిమ్‌లో రిసెప్షన్‌లో కూర్చుంది. పని చేసుకుంటూనే సాధన చేసింది. (పంతులమ్మ అనగానే నాకు ఆ పిల్ల మీద పక్షపాతం వచ్చేసింది, ఒప్పుకుంటాను.) 2020లో కరోనా మొదలైన రోజుల్లో పోలండ్ అమ్మాయి యోవానా ఆమెని ఎగతాళి చేస్తూ గ్యాస్ మాస్కు బొమ్మ పెడితే, జనం చచ్చిపోతున్న విషయం మీద హాస్యమేమిటని మర్యాదగా బదులిచ్చింది జాంగ్, యోవానా క్షమాపణ చెప్పుకుంది. తరవాత మార్చిలో ఇద్దరూ ఐదు రౌండ్లు, ఇరవై ఐదు నిమిషాలు కొట్టుకున్నారు, యోవానా నుదురు గుర్తుపట్టలేనట్టు ఉబ్బిపోయింది, అప్పుడూ జడ్జీలు ఇద్దరూ ఒకరూ అయి జాంగ్ గెలిచింది. నీ జిమ్ములో కూడా ఫోటోలకి నిలబెట్టి ఎదురమ్మాయిని నాలుగు మాటలనమంటారు, టిక్కెట్లు అమ్ముడుపోవాలని. అక్కడ నవ్వెయ్యి. ఆ పిల్లకీ ఎక్కడో గోంగూర కట్ట పట్టుకుని నిలబడే అమ్మ ఉంటుంది.

పెళ్లి మాట నేనెత్తను, అది నా పని కాదు. కాని పెళ్లితో ఆట ఆగిపోవాలనేం లేదు. హర్యానాలో బలాలి ఊరి రీతూ ఫోగాట్ 2019లో కుస్తీ వదిలి దీంట్లోకొచ్చింది, 2021లో వన్ చాంపియన్‌షిప్ గ్రాండ్ ప్రీ ఫైనల్ దాకా వెళ్లి, అక్కడ తనూ ఆర్మ్‌బార్‌కే ఓడింది, తల్లయింది, 2025లో మళ్లీ వచ్చి ఆడింది. తిరిగొచ్చిన ఆ ఫైటు గెలవలేదు, అయినా వచ్చింది. మీ అమ్మకి ఈ కథ నేనే చెప్తాలే, నీ నోటితో చెబితే దెబ్బలాట అవుతుంది.

మావాడి చేతికి పార్సెలిచ్చి పంపుతున్నాను. అందులో చోడిపిండి ఉంది, రోజూ పొద్దున అంబలి కాచుకో, మజ్జిగ కలుపుకో. ఆవకాయ చిన్న సీసా, అది మాత్రం బరువు తూచాక తెరువు, ముందు తెరిస్తే ఉప్పంతా ఒంట్లో నీరు పట్టించేస్తుందని నువ్వే అన్నావు. నువ్వు బడిలో వదిలేసి వెళ్లిన నీ పాత నీక్యాప్ కూడా పెట్టాను, ఉతికించాను. మీ జిమ్ములో తుడిచే ముసలామెకి మోకాళ్ల నొప్పులని రాశావు కదా, నీకు పనికిరాకపోతే ఆమెకివ్వు.

నీ ఫైటు తారీకు ఖాయమైందని మీ కోచ్ చెప్పగానే మావాడు గోదావరి ఎక్స్‌ప్రెస్‌కి రెండు టిక్కెట్లు తీసేశాడు, ఒకటి నాకు, ఒకటి మీ అమ్మకి. ఆవిడకి ఇంకా చెప్పలేదు, ఆదివారం వెళ్లి చెప్తాను.

ఇట్లు,
మీ డ్రిల్లు టీచరు